మా ఆయన మేలుకొలుపులు

మా ఆయన పేరు సుబ్రహ్మణ్యం. మండపేట పక్కన ఓ పల్లెటూరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. లెక్కలు బాగా చెబుతారని పేరుంది, ముక్కుమీద కోపమని అంతకంటే పెద్ద పేరుంది. ఈ రెండూ ఊరందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. ఆ మహానుభావుడికి నిద్రంటే ప్రాణం. మా పెళ్లయిన ఇన్నేళ్లలో సూర్యుడు పొడవడం ఆయన కళ్లారా చూసింది ఒక్కసారే. అదీ అన్నవరంలో వ్రతానికి వెళ్లినప్పుడు, సత్రంలో దోమలు కుట్టి రాత్రంతా కునుకు పట్టక.

అలాంటి మనిషి బళ్లో పిల్లలకి నిద్ర మానమని ఉపన్యాసాలిస్తారు. నేనోసారి ఆయన మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి గుమ్మం బయట నిలబడి విన్నాను. "నిద్ర మీకు శత్రువురా! మీ వయసులో నేను తెల్లవారుజామున మూడింటికల్లా లేచి, కాలవలో తలారా మునిగి, ఒడ్డునే కూర్చుని లెక్కలు చేసేవాణ్ణి!" అంటున్నారు. నాకు నవ్వాగలేదు. పొద్దెక్కినా లేవకపోతే నులకమంచంతో సహా ఎత్తి ఎండలో పడేసేవాళ్లమని మా అత్తగారు నాకు కథలు కథలుగా చెప్పారు. ఎండలో కూడా అటు తిరిగి పడుకునేవారట.

ఆ ఏడు మా ఆయనది పదో తరగతి. అంటే పిల్లలదే అనుకోండి, కానీ మాస్టార్లు కూడా అలాగే అంటారు. పొద్దున్నే స్టడీ అవర్, తర్వాత బడి, సాయంత్రం స్పెషల్ క్లాసు, మళ్లీ స్టడీ అవర్, మధ్యలో ఊపిరి తీసుకోబోతే స్లిప్ టెస్టు. ఆటల పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, గ్రౌండులో ఉండదు. దాన్ని మా ఆయన ఎప్పుడో లాగేసుకున్నారు. డ్రిల్లు మాస్టారు తాతాజీ గారు పాపం మెళ్లో విజిల్ వేసుకుని స్టాఫ్ రూములో స్లిప్ టెస్టు కాగితాలు కుడుతూ కూర్చునేవారు.

కార్తీకమాసం వెళ్లాక హెడ్మిస్ట్రెస్ శ్రీసుధ గారు మీటింగు పెట్టారు. ఈసారి మండలంలో మన బడే ఫస్టు రావాలి, వెనకబడ్డ పిల్లల్ని మాస్టార్లు తలా ముగ్గుర్ని దత్తత తీసుకోవాలి అన్నారట. దత్తత తీసుకుని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు మా ఆయన లేచి, "రోజూ తెల్లవారుజామున నాలుగింటికి మనమే ఫోన్ చేసి లేపుదాం మేడమ్" అన్నారు. ఆవిడ చప్పట్లు కొట్టారట. మిగతా మాస్టార్లు కూడా కొట్టారట గానీ, ఎంత మనస్ఫూర్తిగా కొట్టారో నాకు తెలుసు. తెలుగు మాస్టారి భార్య మర్నాడే నాకు ఫోన్ చేసి, "మీ ఆయనకి ఏం పోయేకాలం అండీ?" అంది.

ఈయన మాత్రం పకోడీల పొట్లం పట్టుకుని విజయగర్వంతో ఇంటికొచ్చారు.

"నాలుగింటికి పిల్లల్ని ఎవరు లేపుతారండీ?" అన్నాను.

"నేనే."

"మరి మిమ్మల్నెవరు లేపుతారు?"

పకోడీ నోటిదాకా వెళ్లి ఆగింది. నాకేసి అలా చూసి, "నువ్వున్నావు కదే" అన్నారు.

ఓరి భగవంతుడా, ఇది నా మెడకే చుట్టుకుంటుందని ముందే అనుకోవద్దూ! మర్నాటి నుంచీ మొదలైంది నా కష్టం. అలారం నాకు, కేకలు నాకు, ఆయన గారిని కూర్చోబెట్టి వెనక దిండు ఆనించే పని నాకు. నేను నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి ఫోన్ చేతికిస్తే ఆయన కళ్లు తెరవకుండా, "ఊఁ... లేచావా? మొహం కడుక్కున్నావా? చదువు" అనేవారు. అంతే. మూడు ఫోన్లు అయ్యీ అవగానే దుప్పటి ముసుగెట్టి మళ్లీ గుర్రు. నాకు మాత్రం పోయిన నిద్ర మళ్లీ రాదు. నాలుగింటికి అంట్లు తోముకుంటూ కూర్చునేదాన్ని.

ఆయన దత్తపుత్రులు ముగ్గురు. దుర్గాసాయి అని ఒకడు. వాడు నిద్రలోనే ఫోనెత్తి, నిద్రలోనే "చదువుతున్నానండి" అని, నిద్రలోనే పెట్టేసేవాడు. పగలు అడిగితే ఫోనొచ్చిన సంగతే తెలీదు వెధవకి. రెండోవాడు మణిదీప్. రైతుల బిడ్డ, బుర్ర పాదరసం, పుస్తకం మీద తప్ప అన్నింటి మీదా పనిచేస్తుంది. మూడోది పావని. వాళ్ల నాన్న వెంకన్న రైస్ మిల్లు లారీ డ్రైవరు.

మొదట్లో పావని వాళ్లకి ఉన్నది ఒక్కటే ఫోను, అది వెంకన్న జేబులో ఉండేది. మొదటి రోజు ఫోన్ చేస్తే వెనకాల లారీ హారన్లు.

"పావనీ, లేచావా?" అన్నారు ఈయన.

"నేనండి, వెంకన్ననండి. సామర్లకోట గేటు దగ్గరున్నానండి. లేచే ఉన్నానండి!"

"మొహం కడుక్కున్నావా?" అనేశారు మా ఆయన నిద్రమత్తులో.

"లోడు దించాక కడుక్కుంటానండి" అన్నాడు ఆ అమాయకుడు భయం భయంగా. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ తర్వాత మాస్టారికి కోపమొస్తుందని వెంకన్న తన టచ్ ఫోను ఇంట్లో వదిలేసి, పాత బటన్ల ఫోనొకటి పట్టుకు తిరగడం మొదలెట్టాడు.

ముగ్గుర్లోకీ నిజంగా లేచేది పావని ఒక్కతే. మొదటి రింగుకే ఎత్తేది. "లేచానండి సార్" అనేది. ఆ పిల్ల నాకు బాగా తెలుసు. తొమ్మిదో తరగతిలో లెక్కలు అడగడానికి మా ఇంటికొచ్చి, లెక్క ఒకటి చేసి చేగోడీలు దోసెడు తినేది. ఖో ఖోలో అది పరిగెడుతుంటే పట్టుకున్న నాథుడు లేడు. నోరు మూతపడేది కాదు. అలాంటిది ఇప్పుడు ఫోన్లో ఆ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుండేది.

"ఏవండీ, ఆ పిల్ల గొంతేంటి అలా ఉంది?" అన్నాను ఓ రోజు.

"నిద్రగొంతు. చదివితే అదే పోతుంది" అని ఈయన దుప్పటి కప్పుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

మణిదీప్ సంగతి వేరు. వాడికి ఫోన్ చేస్తే, ఇలా ఎత్తడం అలా పాఠం వినిపించడం. గణగణా చదువుతుండేవాడు. "విన్నావా! నా దత్తత అంటే అదీ!" అని మా ఆయన మురిసిపోయేవారు. ఈయన నిద్రలో వింటారు, నేను మెలకువతో వింటాను కదా. కొన్నాళ్లకి నాకేదో తేడా కొట్టింది. రోజూ త్రికోణమితి దగ్గర వాడు దగ్గుతాడు. దగ్గిన వెంటనే వాళ్ల మామ్మ సూరమ్మ గారు వెనకనుంచి, "ఒరే మణీ, ఇడ్లీలు చల్లారిపోతన్నాయిరా!" అని అరుస్తుంది. రోజూ అదే దగ్గు, అవే ఇడ్లీలు.

"ఏవండీ, నాలుగింటికి ఇడ్లీలు చల్లారిపోయే ఇల్లు మన గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా ఉందా?" అన్నాను.

ఈయన ఓ కన్ను తెరిచారు. తర్వాత రెండోది. బళ్లో ఆరా తీస్తే సంగతి బయటపడింది, ఆదివారం పొద్దెక్కాక తన చదువు రికార్డు చేసుకుని ఫోన్లో పెట్టుకున్నాడు ఆ దుంపతెగినవాడు! ఫోన్ ఎత్తడం, వినిపించడం మామ్మ డ్యూటీ, వాడు హాయిగా పడుకోవడం. ఆ పాఠం క్లాసులో సగం మందికి పంచాడని కూడా తేలింది. ఊళ్లో సగం ఇళ్లల్లో సూరమ్మ గారి ఇడ్లీలే చల్లారుతున్నాయి. ఆడపిల్లలింట్లో కూడా మగగొంతు వినబడుతోందని ఒక్క మాస్టారికీ అనుమానం రాలేదంటే, ఆ వేళకి మాస్టార్లు ఏ పాటి మెలకువతో ఉన్నారో మీరే ఆలోచించుకోండి.

మా ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. హెడ్మిస్ట్రెస్ గారు ఇంకా అయ్యారు. ఇక మామూలు ఫోన్లు కాదు, వీడియో కాల్ అన్నారు. అందరూ ఒకేసారి కాల్లోకి వచ్చి, పుస్తకం ముందు పెట్టుకుని, మొహం కనబడేలా కూర్చోవాలి. మాస్టారు ఎదురుగా కూర్చుని గంటసేపు చూస్తుండాలి. ఆ 'చూస్తుండాలి' అన్న మాట దగ్గరే మా ఆయన కొంప మునిగింది.

మాఘమాసం, చలి వణికించేస్తోంది. వీడియో కదా అని ఈయనకి ముస్తాబు కావాల్సొచ్చింది. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, తల దువ్వుకుని, నుదుట విభూది పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఫోన్ని పంచదార డబ్బాకి ఆనించి నిలబెట్టాను. ముగ్గురు పిల్లలూ మూడు గడుల్లో కనబడ్డారు. "ఊఁ, కానివ్వండి" అన్నారు ఈయన గంభీరంగా. నేను కాఫీ కలుపుదామని వంటింట్లోకి వెళ్లాను. పాలవాడు ఇంకా రాలేదు, సరే డికాక్షన్ అయినా దిగనీ అని అక్కడే పీట మీద కూర్చుని ఓ కునుకు తీశాను కాబోలు.

"సుబ్రహ్మణ్యం గారూ!" అని కేక వినబడి ఉలిక్కిపడి లేచాను. పరిగెత్తుకుంటూ వెళ్లి చూద్దును కదా, ఈయన తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, ఇల్లెగిరిపోయేలా గుర్రు పెడుతున్నారు. ఫోన్లో నాలుగో గడి వచ్చింది. అందులో చలికి తలకి స్కార్ఫు చుట్టుకున్న శ్రీసుధ గారు. చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చారన్నమాట.

"ఎంతసేపట్నుంచి ఇలా ఉన్నారు?" అన్నారావిడ పిల్లల్ని.

"చాలాసేపయిందండి మేడమ్" అన్నాడు మణిదీప్ గుసగుసగా.

"మరి లేపరేంటర్రా! సుబ్రహ్మణ్యం గారూ!" అని మళ్లీ కేకేశారు.

అప్పుడు పావని పుస్తకం మీదనుంచి తలెత్తి, నోటి మీద వేలు పెట్టుకుని, "మెల్లగా అనండి మేడమ్, సార్ నిద్రపోతున్నారు. పాపం, ఆయనకీ నిద్ర చాలట్లేదండి" అంది.

గంటసేపూ ముగ్గురూ నోరు విప్పలేదు. పేజీ తిప్పితే చప్పుడవుతుందని అది కూడా జాగ్రత్తగా తిప్పుకున్నారట. దుర్గాసాయి తర్వాత చెప్పాడు. వాడా గంటంతా మెలకువగానే ఉన్నాడు, అదొక వింత.

ఈయన లేచారు, చూశారు, లుంగీతో సహా నిలబడ్డారు, ఇంకా అప్రదిష్ట అయింది. శ్రీసుధ గారు కాల్ కట్ చేశారు.

ఇక్కడిదాకా నవ్వుకోండి. తర్వాత మా ఆయన చేసింది మాత్రం నవ్వే పని కాదు. ఆయనకి సిగ్గయితే దాన్ని కోపంగా మార్చుకుని ఎవరో ఒకరి మీద విసరాలి. ఆ రోజు క్లాసులోకి వెళ్తూనే పావనిని లేపి, "నామీద జాలిపడేంత దానివయ్యావా? స్లిప్ టెస్టులో సున్నా తెచ్చుకున్న మొహానికి వెటకారం ఒకటా!" అని బయట ఎండలో నిలబెట్టారట. సాయంత్రం నాకీ సంగతి ఏదో ఘనకార్యంలా చెప్పారు.

"వెటకారమా? మీ మొహం! ఆ పిల్ల మిమ్మల్ని చూసి నిజంగా అయ్యో అనుకుందండీ. ఇన్నాళ్లలో మీరొక్కసారైనా దాన్ని చూసి అనుకున్నారా?" అన్నాను. ఎప్పుడూ లేనిది నా గొంతు పెద్దదైంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆ పూట నేను అన్నం పెట్టి పిలవలేదు. పెట్టుకుని తిన్నారు.

మర్నాడు పావని బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగింటికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆ వారాంతంలో పావని వాళ్లమ్మ మా ఇంటికొచ్చింది, ఆవిడ పేరు చిన్నమ్మాయి. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మగారండీ, మా పాప బడికి రానంటందండి. పరీక్ష కూడా రాయదంటండి. పుస్తకం ముట్టుకుంటే చేతులు వణికిపోతన్నాయండి దానికి. రాత్రిళ్లు ఫోన్ మోగిందా, ఫోన్ మోగిందా అని లేచి కూర్చుంటందండి. చదివిందంతా ఎక్కడికి పోతందో తెలీట్లేదమ్మా అని నన్ను పట్టుకుని ఏడుస్తందండి. ఏం చెయ్యాలో తోచట్లేదండి." కళ్లు తుడుచుకుని, "సార్‌కి చెప్పండి, అదేదో తప్పు మాట అందంటండి. చిన్నపిల్ల, తెలీక అనుంటది. క్షమించమనండి" అంది.

మా ఆయన పక్కగదిలోనే ఉన్నారు. ఆవిడ వెళ్లిపోయాక చూస్తే మంచం మీద గోడకేసి కూర్చున్నారు. నిద్రపోవట్లేదు. ఆ రాత్రి ఆయన గుర్రు నేను వినలేదు.

హాల్ టికెట్లు వచ్చాయి. క్లాసంతా తీసుకున్నారు, పావనిది మిగిలింది. మధ్యాహ్నం బళ్లోంచి ఈయన తిన్నగా ఇంటికొచ్చి, "పావని వాళ్లింటికి వెళ్దాం, రా" అన్నారు. ఆడపిల్ల ఇల్లు, ఒక్కణ్ణే వెళ్తే బాగోదన్నారు గానీ అసలు సంగతి భయం. దారిలో బండి రెండుసార్లు ఆపి, "ఏమంటానే?" అని అడిగారు. "తోచిందనండి" అన్నాను.

వాళ్లిల్లు మిల్లు గోడ పక్కనే. చిన్నమ్మాయి మమ్మల్ని చూసి కంగారుపడిపోయి కుర్చీలు వేసింది. "పడుకుందండి. ఇన్నాళ్లకి ఇవాళే కాస్త కన్నంటిందండి. ఉండండి, లేపుతాను" అని లోపలికి వెళ్లబోయింది.

"వద్దు!" అన్నారు మా ఆయన. అరిచారనాలి, కానీ గొంతులో గుసగుసే వచ్చింది. "వద్దమ్మా. పడుకోనీ. మేం కూర్చుంటాం."

కూర్చున్నాం. మిల్లు చప్పుడుకి అలవాటైన ఇల్లు, అయినా ఈయన కాఫీ గ్లాసు కింద పెట్టడానికి కూడా భయపడుతూ చేత్తోనే పట్టుకు కూర్చున్నారు. ఇంతలో జేబులో ఫోన్ మోగింది. ఆ మనిషి అంత చురుగ్గా కదలడం నేనెన్నడూ చూడలేదు. ఒక్క గంతులో వాకిట్లో ఉన్నారు. వెనకే వెళ్లాను. శ్రీసుధ గారు. ఆవిడ గొంతు స్పీకర్ అక్కర్లేకుండానే వీధికి వినబడుతుంది.

"మాస్టారూ, స్టడీ అవర్ మొదలైంది, ఎక్కడున్నారు?"

"పావని వాళ్లింట్లోనండి."

"మాట్లాడారా?"

"లేదండి. నిద్రపోతోంది."

"అయితే లేపండి మరి!"

"లేపనండి."

ఈయన పాతికేళ్ల సర్వీసులో పైవాళ్లకి 'కాదండి' అన్న మాట ఇదే మొదలు.

"ఇక ఎవర్నీ లేపనండి మేడమ్. రేపట్నుంచి ఫోన్లు చెయ్యను. ఆ స్టడీ అవర్లో పిల్లల్ని తాతాజీ గారికి అప్పగించండి, గ్రౌండుకి తీసుకెళ్తారు. ఆటల పీరియడ్ ఆయనది ఆయనకిచ్చేస్తున్నాను."

"రిజల్ట్ తేడా వస్తే మాస్టారూ?"

"నా పేరు చెప్పండి."

తర్వాత ఆవిడ గొంతు తగ్గించారు. అది తగ్గుతుందని అప్పుడే తెలిసింది నాకు. "నిజం చెప్పొద్దూ, నాకూ నాలుగింటికి లేచి లేచి తల పగిలిపోతోందండీ. సరే, రేపు మాట్లాడదాం" అన్నారు.

పొద్దు వాలింది. మిల్లు కూలీలు ఇళ్లకి వెళ్తున్నారు. చిన్నమ్మాయి లైటు వెయ్యబోతే వద్దని సైగ చేశారు ఈయన. చీకట్లోనే కూర్చున్నాం, దోమలు పీక్కుతింటున్నా. ఎంతసేపటికో లోపల మంచం కిర్రుమంది. జుట్టు రేగిపోయి, ఒక చెంప మీద నులక గీతలు పడి, పావని గుమ్మంలోకి వచ్చింది. మా ఆయన్ని చూసి కొయ్యబారిపోయింది.

"గుడ్ మార్నింగ్ సార్" అంది, ఆ దీపాల వేళ.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈయన మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ పిల్ల ముందు నిలబడి, "ఆ రోజు నన్ను లేపొద్దన్నావు నువ్వు. నేనేమో నిన్ను ఎండలో నిలబెట్టాను. నాది తప్పు పావనీ" అన్నారు. ఆ మాట నాకు కూడా ఇంతవరకూ చెప్పిన మనిషి కాదు.

ఆ పిల్ల తల దించుకుని గుమ్మం చెక్క గోకుతూ నిలబడింది. "పరీక్షలో నాకేం గుర్తు రాకపోతేనండి?" అంది.

"రాకపోతే రానీ. వచ్చింది రాయి. మిగిలింది జూన్లో రాద్దువుగాని. నేనెక్కడికీ పోను."

"మరి నాలుగింటికి ఫోనండి?"

"చెయ్యను."

"మణిదీప్‌కి కూడా చెయ్యరాండి?"

"వాడికసలు ఎప్పుడు చేశానమ్మా? వాళ్ల మామ్మకి చేశాను."

పావని పెదవి చివర కాస్త కదిలింది. చెయ్యి చాచి, "హాల్ టికెట్ తెచ్చారాండి?" అంది. ఈయన చొక్కా జేబులోంచి తీసి ఇచ్చారు. ఈసారి చిన్నమ్మాయి లైటు వేసింది. పావని ఆ కాగితం వెలుగులో పెట్టి, తన ఫొటో చూసుకుని, "అయ్యో, ఇందులో నేను కళ్లు మూసుకునే ఉన్నానండి సార్! నిలబడే నిద్రపోయాను!" అని పకపకా నవ్వింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. చిన్నమ్మాయి ఒక్క ఉదుటున లోపలికెళ్లిపోయింది, లోపల్నుంచి ఆవిడ ఏడుపు మాకు వినబడుతూనే ఉంది.

"ఏదీ, చూడనీ" అని మా ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ ఫొటో అందుకున్నారు. చాలాసేపు చూశారు. క్లాసులో అందరికీ తనే దగ్గరుండి తీయించిన ఫొటో అది. "నిజమేనమ్మా" అన్నారు.